కదిరప్ప కట్టిన చాటు

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సులో కదిరప్ప కండక్టరు. ఆదివారం సాయంత్రం ఆ మూడు ఊళ్లలో ఎక్కడ ఫుట్‌బాల్ ఆట జరిగినా ఆయనే రెఫరీ. రెండు పనులకూ ఒకటే ఈల. వారమంతా బస్సును ఆపడానికీ కదిలించడానికీ ఊదిన ఈలనే ఆదివారం కడిగి, తువ్వాలుతో తుడిచి మెడలో వేసుకునేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. కానీ ఆ ఈల మోగిందంటే ఎంత పోట్లమారి ఆటగాడైనా నోరు మూసుకుని బంతి కింద పెట్టేవాడు. ఇదేం గొప్ప అనుకునేవాళ్లు ఆ రోజుల్లో మా సీమ ఆటలు చూసి ఉండరు. ఆట గంటన్నర జరిగితే తగాదా మూడు గంటలు జరిగేది.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. బస్సు యజమాని చెన్నకేశవులు. హిందూపురంలో బెల్లం మండీ, మూడు బస్సులు, పెనుకొండలో బస్సులు పెట్టుకునే షెడ్డు, అన్నీ ఆయనవే. మూడూళ్ల ఫుట్‌బాల్ సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే. అందరూ సావుకారి అనేవాళ్లు. ఒక ఏడాది ఫైనల్ ఆటలో ఆ సావుకారి సొంత జట్టు మీదే కదిరప్ప పెనాల్టీ ఇచ్చాడు. జట్టు ఓడింది. చెన్నకేశవులు కుర్చీలోంచి లేచి వచ్చి, అందరి ముందూ కదిరప్ప భుజం తట్టి, "రెఫరీ అంటే ఇట్లుండాలప్పా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మరుసటి రోజు నుంచి కదిరప్పకు గోరంట్ల దారిలో డ్యూటీ పడింది. గుంతల దారి, మనుషులతో పాటు గొర్రెలు కూడా ఎక్కే బండి. వేసవి పోయి వానలు పడేదాకా ఆయన ఆ దుమ్ములోనే తిరిగాడు. ఎందుకు మార్చారని ఆయన అడగలేదు, సావుకారి చెప్పలేదు. భుజం తట్టిన చెయ్యీ, డ్యూటీ వేసిన చెయ్యీ ఒకటేనని మాత్రం ఇద్దరికీ తెలుసు.

కదిరప్ప కాపురం పెనుకొండలో, ఆ షెడ్డు పక్క గదిలోనే. భార్య చౌడక్క, ఇద్దరు ఆడపిల్లలు. అద్దె లేదు. అద్దె లేకపోవడమే ఆ గదిలోని తిప్పలన్నింటిలో పెద్ద తిప్ప అని చౌడక్క అనేది. అద్దె ఇస్తే నోరు తెరిచి వాన కారుతోందని అయినా అడగవచ్చు గదా.

ఇక సంఘం ఎన్నిక ఎలా జరిగేదో చెబితే నవ్వుతారు. రెండేళ్లకోసారి క్లబ్బుల పెద్దలందరినీ సావుకారి బస్సే ఎక్కించుకుని హిందూపురం మండీ దగ్గర దించేది. వేటకూర, రాగిసంగటి, వరి అన్నం. అందరూ సగం భోజనంలో ఉండగా ఒకాయన లేచి, "ఈసారి కూడా మన చెన్నకేశవులన్నే" అనేవాడు. ఒప్పుకునేవాళ్లు చేతులు ఎత్తండి అంటే ఎంగిలి చేతులు ఎత్తేవాళ్లు. ఎత్తని చెయ్యి ఎవరిదా అని వడ్డించేవాడు గరిట పట్టుకుని చూసేవాడు. దానికే ఏకగ్రీవం అని పేరు.

ఇలాగే జరిగిపోయేది కానీ, 1957లో ధర్మవరం జట్టు ఆటకు అనంతపురం పోవలసిన రోజున సావుకారి ఆ బస్సును చుట్టాల పెళ్లికి పంపించాడు. ఆటగాళ్లు వేరుశనగ లారీ మీద ఎక్కి పోయేసరికి ఎదుటి జట్టు గెలిచినట్టు ప్రకటించి గోల్ పోస్టులకు వలలు కూడా విప్పేశారు. జట్టు కెప్టెన్ దేవదాసు ఆ మైదానంలోనే కూర్చుని ఏడ్చాడు. దేవదాసు రైలు ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. రైలు జీతం కాబట్టి సావుకారి కోపం ఆయన పొయ్యి దాకా రాదు. అదే సమయానికి పైనున్న ఫుట్‌బాల్ ఫెడరేషను వాళ్లు ఒక నిబంధన పెట్టారు. దేశమంతటా సంఘాల పెద్దలను రహస్య ఓటుతోనే ఎన్నుకోవాలి, అలా ఎన్నుకోని సంఘం జట్టును ఏ పోటీకీ రానివ్వరు. దేవదాసు ఊరుకుంటాడా? ప్రెసిడెంటు పదవికి తాను నిలబడతానన్నాడు.

చెన్నకేశవులు కోప్పడలేదు. కోప్పడి ఉంటే కదిరప్పకు ఎంతో బాగుండేది. ఆయన నవ్వి, "పోటీ ఉండనీ, మంచిదే. ఎన్నిక మాత్రం మా కదిరప్ప జరిపితేనే నేనొప్పుకుంటా" అన్నాడు.

"నాకూ ఆయనే కావాల" అన్నాడు దేవదాసు.

ఇద్దరూ అలా నమ్మకం కుమ్మరించేసరికి కదిరప్ప గుండెల్లో రాయి పడింది. ఆ సాయంత్రం సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"నాతో కాదని చెప్పలేకపోయినావా?" అంది చౌడక్క.

"ఏమని చెప్పేది? భయమని చెప్తే, ఎవురంటే భయమని అడుగుతారు."

"సావుకారి నిన్నేమన్నా అడిగినాడా?"

"ఏమీ అడగలేదు."

"అయితే ఇంగ భయమే" అని ఆమె పప్పు వడ్డించింది.

అడిగి ఉంటే కాదనో సరేననో అనవచ్చు. అడగనివాడికి ఏమని జవాబు చెప్పాలి? కదిరప్పకు ఎటూ పాలుపోలేదు. చివరకు తనకు తెలిసిన దారే పట్టాడు. ఆట ముందు మైదానం గీతలు సరిచూసినట్టు ఎన్నికకు అన్నీ సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు దేశమంతా జరిగిన పెద్ద ఎన్నికల్లో, నిలబడిన ఒక్కో మనిషికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించి, చాటున ఓటు వేయించారు. అదే పద్ధతి బాగుందనుకున్నాడు. సావుకారి గుర్తు బస్సు, దేవదాసు గుర్తు రైలింజను. కానీ చాటు ఎక్కడ? మండీలో పెడితే సావుకారి ఇల్లు. ధర్మవరం రైల్వే వాళ్ల హాలులో పెడితే దేవదాసు ఇల్లు. ఆలోచించి ఆలోచించి, పెనుకొండ కొండ కింద ఆటల మైదానంలో బస్సు నిలబెట్టి, వానకు దించే టార్పాలిన్ తెరలు అన్ని వైపులా దించితే, లోపల ఓటు వేసేవాడు ఎవరికీ కనపడడని తీర్మానించాడు.

బస్సు మాత్రం సావుకారిది కాదా అంటారేమో. కదిరప్పకు అది తట్టనే లేదు. పన్నెండేళ్లుగా ఆ బస్సు తనదేనని ఆయన అనుకుంటూ వచ్చాడు. పాపం, రోజూ తుడిచే వస్తువు మీద మనిషికి అలాంటి భ్రమ కలగడం మామూలే.

మరుసటి ఏడాది, 1958లో, ఒక ఆదివారం ఎన్నిక పెట్టారు. పద్దెనిమిది క్లబ్బులు, ఒక్కో క్లబ్బుకు ఒక్కో ఓటు. సంఘం ముద్ర వేసిన చీటీ తీసుకుని, డ్రైవరు సీటు వెనకనున్న తలుపులోంచి ఒక్కొక్కరే ఎక్కాలి. బస్సు గుర్తు డబ్బా ముందు సీటు మీద ఉంది, రైలింజను గుర్తు డబ్బా వెనక పొడుగు సీటు మీద ఉంది. పక్కపక్కన పెడితే తొందరలో ఒకదాంట్లో వేయబోయి ఇంకొకదాంట్లో వేస్తారని, కదిరప్పే వాటిని అంత దూరంగా పెట్టాడు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

సావుకారి వేపచెట్టు నీడన కుర్చీ వేయించుకుని, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. మొదట హిందూపురం మనిషి ఒకాయన ఎక్కి దిగాడు. తర్వాత ఎర్రప్ప ఎక్కాడు. ఎర్రప్ప పెనుకొండ క్లబ్బు కార్యదర్శి, బస్సులు ఆగేచోట కాఫీ హోటలు నడిపే లావుపాటి మనిషి. ఆయన లోపలికి పోయిన కాసేపటికి బస్సు వెనక భాగం కొద్దిగా కుంగి, కింద స్ప్రింగు పట్టీ క్రీ... మని మూలిగింది. కదిరప్పది తప్ప మైదానంలో ఉన్నవాళ్లందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

సావుకారి కళ్లు తెరిచాడు. "మన ఎర్రప్ప బాగా లావెక్కినాడప్పో" అన్నాడు మెల్లగా. సావుకారి బస్సులు పది నిమిషాలు ఆగకపోతే ఎర్రప్ప హోటలుకు కాఫీ తాగేవాడే ఉండడని అక్కడ అందరికీ తెలుసు. ఎర్రప్ప కిందికి దిగేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ తర్వాత ఎక్కినవాళ్లలో ఎవరికీ స్ప్రింగు మూలగలేదు. ఎక్కడం, ముందు సీటు దగ్గర వంగడం, దిగడం. దిగినవాడు దేవదాసు ఉన్న వైపు చూడకుండా చుట్ట వెలిగించుకోవడం. కదిరప్ప మాత్రం చీటీలు పంచుతూ, ఎంత సాఫీగా జరుగుతోందో అని లోలోపల సంతోషపడుతున్నాడు. దేవదాసు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నీకు వినపడ్లేదా?"

"ఏంది?"

"వెనక స్ప్రింగు. వెనక్కి పోయినోడు ఎవరో అందరికీ తెలిసిపోతాంది."

కదిరప్ప నమ్మలేదు. రోజూ ఆ బస్సులోనే ఉండే తనకు తెలియని చప్పుడా? కానీ బస్సు కదిలేటప్పుడు ఆయన ఎప్పుడూ లోపలే, ఇంజను హోరులోనే ఉంటాడు గదా. ఉన్న చప్పుడు చెవికి ఎప్పుడో పాతబడిపోయింది. బస్సెక్కి వెనక సీటు దాకా నడవమని దేవదాసుకు చెప్పి, తాను సావుకారి కుర్చీ పక్కకు పోయి నిలబడ్డాడు. క్రీ... మంది. మూడూళ్ల జనం ముందు తాను కట్టిన చాటు, తన పనితనం, అంతా ఒక తుప్పు పట్టిన ఇనుప పట్టీ బయట పెట్టేసింది.

"టైమయితాందప్పా కదిరప్పా. కానియ్యి" అన్నాడు సావుకారి.

కానిస్తే ఇంకాసేపట్లో అయిపోతుంది. తప్పు తనది కాబట్టి తానే మింగేయవచ్చు. దేవదాసు తప్ప, చప్పుడు విన్నామని పైకి చెప్పే మొనగాడు అక్కడ ఎవడూ లేడు. సాయంత్రానికి గదికి పోయి సంగటి తినవచ్చు. కదిరప్ప మెడలోని ఈల పట్టుకుని నిలబడ్డాడు. సావుకారి ఆ చేతి వైపే చూస్తున్నాడు. గోరంట్ల దారి దుమ్మంతా ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. అయినా ఈల ఊదాడు. ఆఫ్‌సైడ్ అయిన గోలును కొట్టేసేటప్పుడు ఊదినట్టు, గట్టిగా, పొడుగ్గా ఊదాడు.

"ఇది చెల్లదు. తప్పు నాదే. మళ్లీ మొదట్నుంచి" అన్నాడు.

రెండు డబ్బాలూ మూత తీయకుండానే బయటికి తెచ్చి, రెండింటి చీటీలూ ఒకేసారి నేల మీద గుమ్మరించి, ఎవరూ లెక్కపెట్టకముందే కలిపేసి అగ్గిపుల్ల గీసి కాల్చేశాడు. ఎర్రప్ప దగ్గరికి వచ్చి ఆ మంటను ఎంత ప్రేమగా చూశాడో చెప్పలేను. తర్వాత కదిరప్ప రెండు డబ్బాలనూ తీసుకుపోయి వెనక పొడుగు సీటు మీదే పక్కపక్కన పెట్టాడు. ఇప్పుడు ఎవరు ఎక్కినా వెనక్కి పోవలసిందే. ఎవరు పోయినా స్ప్రింగు మూలిగింది. అందరికీ మూలిగితే ఎవరికీ మూలగనట్టే లెక్క. జనం నవ్వుకుంటూ ఎక్కారు, నవ్వుకుంటూ దిగారు. సావుకారి కుర్చీలో మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే కదిరప్ప బొమ్మ గీయించి పెట్టుకునేవాళ్లం. కానీ డబ్బాలు తెరిచి లెక్కపెడితే బస్సుకు తొమ్మిది, రైలింజనుకు తొమ్మిది వచ్చాయి.

సమానంగా వస్తే ఏం చేయాలో సంఘం పెట్టిన రోజే రాసి పెట్టారు. ఏకగ్రీవాల కాలంలో ఎవరికీ దాని అవసరం రాలేదు. ఓట్లు సమానమైతే ఎన్నిక జరిపినవాడే తన ఓటు వేసి తేల్చాలి. ఆ మాట చదివి వినిపించాక అందరూ కదిరప్ప వైపు తిరిగారు.

"నాకు ఓటు వద్దు. చీటీ తీద్దాం. లేకపోతే బొమ్మా బొరుసా వేద్దాం" అన్నాడు కదిరప్ప.

"రూలు రూలే గదప్పా" అన్నాడు సావుకారి. "ఇంతసేపూ మాకు రూలు చెప్పింది నువ్వే. నీ మనసుకు ఏది తోస్తే అది వెయ్యి. లోపలికి పోయి చాటుగానే వెయ్యి. నేనేమన్నా అంటానా?" అని, కండువా సర్దుకుంటూ, "చౌడక్కా పిల్లోళ్లూ బాగుండారా?" అని అడిగాడు.

"బాగుండారు సామీ."

కదిరప్ప బస్సెక్కాడు. ఆయన నడుస్తుంటే స్ప్రింగు మూలిగింది. ఇప్పుడు ఆ చప్పుడు లోపలి నుంచి కూడా ఆయనకు స్పష్టంగా వినిపించింది. టార్పాలిన్ తెరల వెనక చీకటిగా, ఉక్కగా ఉంది. లెక్క అయ్యాక తిరిగి పెట్టిన రెండు డబ్బాలూ ఖాళీగా పక్కపక్కన ఉన్నాయి. తెర మీద బయటి మనుషుల తలల నీడలు కదులుతున్నాయి. ఆయన అంత కష్టపడి కట్టిన చాటులో నిలబడి ఉన్నాడు, కానీ ఆ చాటు పద్దెనిమిది మందికీ పనికొచ్చింది గానీ తనకు పనికిరాదు. రెండు డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో ఒక్కటంటే ఒక్క చీటీ ఉంటుంది. అది ఎవరిదని అడిగే పని కూడా ఎవరికీ ఉండదు.

రైలింజను బొమ్మ మీద చెయ్యి పెట్టాడు. అనంతపురం మైదానంలో దేవదాసు ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. న్యాయం ఎటు ఉందో ఆయనకు తెలియక కాదు. ఆ చేతికే చౌడక్క ముందు రోజు సాయంత్రం షెడ్డు గోడకు మట్టి మెత్తుతూ అన్న మాట కూడా తగిలింది. "ఈ గది పోతే పిల్లోళ్లను యాడ పండబెట్టేది?" అంది ఆమె. బయట ఎవరో దగ్గారు. కదిరప్ప చెయ్యి తీసి, పక్క డబ్బాలో చీటీ వేసి, కిందికి దిగాడు.

డబ్బా తెరిచారు. బస్సు గుర్తుకు పది. సావుకారి మనుషులు పూలదండ తెచ్చారు. సావుకారి ఆ దండను తాను వేసుకోకుండా తీసుకుపోయి కదిరప్ప మెడలో వేశాడు. ఆయన తప్పించుకోబోయాడు కానీ, ఈల తాడుకు దండ చిక్కుకుంది.

ఆ తర్వాత ఆయనకు గోరంట్ల దారి పడలేదు. అంతకంటే ఘోరం జరిగింది. కొత్తగా కొన్న బస్సులో, బెంగళూరు లైనుకు, ఆయన్ను కండక్టరుగా వేశారు. గదికి పైకప్పు రేకులు మార్చారు. ఆయన ఏదీ అడగలేదు. ధర్మవరంలో పట్టు నేసేవాళ్లు మగ్గాల దగ్గర, పెనుకొండలో ఎర్రప్ప హోటలులో, "కదిరప్పకు కొత్త బండొచ్చెనంట" అని అనుకునేవాళ్లు. అంతే, ఇంకో మాట అనేవాళ్లు కాదు. తిట్టి ఉంటే జవాబు చెప్పుకునేవాడు. రేకుల మీద వాన పడుతుంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. చౌడక్క కూడా ఆ రేకుల గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు.

తర్వాతి సీజనులో మొదటి ఆట ధర్మవరంలో జరిగింది. సావుకారి జట్టు వాడు ఒకడు ఎదుటివాడికి కాలు అడ్డం పెట్టి పడేశాడు. కదిరప్ప ఈల ఊదాడు. ఆటగాళ్లు ఆగారు. ఆగి ఆయన వైపు చూడలేదు. ఇరవై రెండు మందీ ముందు సావుకారి కుర్చీ వైపు చూశారు. ఆయన తల ఊపాకే బంతి కింద పెట్టారు. కదిరప్ప ఆ ఆట చివరిదాకా జరిపించి, సాయంత్రం ఈల తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ మైదానంలో దాన్ని మెడలో వేసుకోలేదు.

దేవదాసు ఆయన్ను వెతుక్కుంటూ బస్టాండుకు వచ్చాడు. కదిరప్ప మొహం తిప్పుకున్నాడు.

"నాకు నీ మీద కోపం లేదన్నా" అన్నాడు దేవదాసు. "అందరికీ చాటు కడితివి. నీకు కట్టేటోడే లేకపోయె."

కదిరప్పకు ఏడుపు ఆగలేదు. టిక్కెట్ల సంచీ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ మాట బదులు దేవదాసు చెంప మీద కొట్టి ఉంటే బాగుండునని తర్వాత చౌడక్కతో అన్నాడు.

నాలుగేళ్లు గడిచాయి. దేవదాసును ఎక్కడికో బదిలీ చేశారు. మధ్యలో వచ్చిన ఎన్నికకు నిలబడేవాడు లేక సావుకారే మిగిలాడు. 1962 ఎన్నికకు ముందు, హిందూపురంలో ఒక బడి గదిలో సంఘం సమావేశం జరిగింది. కుర్చీలో చెన్నకేశవులే ఉన్నాడు. అజెండా అంతా అయిపోయి, టీలు వచ్చే వేళకు, వెనక గోడ దగ్గర ఖాకీ చొక్కాతో నిలబడి ఉన్న కదిరప్ప చెయ్యెత్తాడు. బస్సు బయలుదేరే టైము దగ్గరపడింది, ఆయన తొందరలో ఉన్నాడు.

"ఒక రూలు మార్చాల" అన్నాడు. "ఎన్నిక జరిపేటోడికి ఓటు ఉండకూడదు. సమానమొస్తే చీటీ తీయాల. ఇంగొకటి. పోటీలో ఉండేటోళ్ల దగ్గర జీతానికుండే మనిషి ఎన్నిక జరపకూడదు."

ఎర్రప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. సావుకారి నవ్వాడు. ఆ నవ్వులో నిజంగానే కొంత నొచ్చుకోవడం ఉంది.

"ఏమప్పా కదిరప్పా, ఇప్పుడు నీ మీద మాకు నమ్మకం లేదని ఎవరన్నా అన్నారా?"

"మీకుండాది సామీ" అన్నాడు కదిరప్ప. "నాకే లేదు."

ఎర్రప్ప చెయ్యి ముందు లేచింది. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. ఆ చేతులు ఈసారి ఎంగిలివి కావు. అందరికన్నా చివర సావుకారి కూడా ఎత్తాడు, ఎత్తక తప్పలేదు. లెక్క పెట్టేదాకా కదిరప్ప ఉండలేదు. బయట బస్సు నిండిపోయి, జనం కేకలు వేస్తున్నారు. ఆయన పరుగున పోయి ఫుట్‌బోర్డు మీద ఎక్కి, జేబులోంచి ఈల తీసి ఊదాడు.